మన తీర గ్రామాలలో చేతబడి – ఒక పరిశీలన

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శిగారు కోరారు. రాజులను గూర్చి, యుద్ధాలను గూర్చి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. కనుక మనమందరం చిన్ననాడు విని దుప్పటి ముసుగుపెట్టుకున్న చేతబడిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాను.

దీనికి ప్రాంతానికొక పేరు. తెలంగాణ జిల్లాల్లో బాణామతి, గోదావరి మన్యంలో చిల్లంగి, మనవైపు చేతబడి. దీనికి తోబుట్టువు పెట్టుడు మందు. ఎవరో అన్నంలో ఏదో కలిపి పెట్టారని, అది కడుపులో నిలిచిపోయి మనిషిని చిక్కిపోయేట్టు చేస్తుందని, కక్కిస్తేగాని పోదని నమ్మకం. ఎక్స్‌రే అందుబాటులో లేని రోజుల్లో క్షయరోగి నానాటికీ ఎండిపోతుంటే ఇంట్లోవాళ్ళకు ఇంతకంటె వేరే కారణం ఏం తోస్తుంది?

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మశూచి, కలరా వంటివి ఊరంతటికీ వచ్చేవి. వాటిని అమ్మవారి ఆగ్రహమన్నారు. పోలేరమ్మకు జాతర చేసి, పొంగళ్ళు పెట్టి, పొట్టేలును బలిచ్చి ఊరు ఊపిరి పీల్చుకునేది. తప్పు ఏ ఒక్కరి నెత్తినా పడేది కాదు. కాని ఒక్క ఇంట్లోనే బిడ్డకు మూర్ఛ వస్తే? ఒక్కడి గేదే చస్తే? పక్కవాడి వల నిండి మన వల ఖాళీగా వస్తే? అమ్మవారికి కోపం వస్తే అందరి మీదా రావాలి గదా, మా మీదనే ఎందుకు? ఈ ప్రశ్నలోనుంచే చేతబడి పుట్టిందని నా అభిప్రాయం. దీనికి జవాబు కావాలంటే ఒక మనిషి పేరు కావాలి. ఆ పేరు దిక్కులేని ముసలమ్మదో, వేరే ఊరినుంచి వచ్చి గుడిసె వేసుకున్నవాడిదో అయ్యేది. నలుగురు కొడుకులున్న ఇంటి పేరు ఎప్పుడూ రాదు.

యానాదుల సంగతి చూడండి. శ్రీహరికోట దీవి 1835లో దొరల ప్రభుత్వం చేతికి వచ్చేనాటికి వారు అక్కడి అడవిలో ఉండేవారు. మూలికలు, పాముల సంగతి వారికి తెలిసినంతగా ఊళ్ళవాళ్ళకు తెలియదు. వారిలో రంగం చెప్పేవారూ ఉండేవారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాలలో ఈ జాతిని గూర్చి వివరంగా వ్రాశాడు. మన వెన్నెలకంటి రాఘవయ్యగారు వారికోసమే పాటుపడి, 1962లో వారిమీద ప్రత్యేక గ్రంథం వెలువరించారు. పగలు మూలిక కోసం వారి గుడిసెకు వెళ్ళినవాళ్ళే, రోగం తిరగబెడితే ఆ గుడిసెనే అనుమానించడం లోకరీతి. మందు తెలిసిన చేతికి మంత్రం కూడా తెలుసని అనుకోవడమే దీనికి మూలం. (ఆ దీవినుంచే 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్టు ఎగిరింది.)

ఇది మన వెనుకబాటుతనమని సిగ్గుపడేవారికి ఒక మాట. ఐరోపాలో 15 నుంచి 18వ శతాబ్దం వరకు మంత్రగత్తెలన్న నేరం మోపి సుమారు నలభై యాభై వేలమందిని చంపారు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు. అక్కడ ఆ పని చేసింది కోర్టులే. తీర్పులు, సాక్షులు, రికార్డులు అన్నీ ఉన్నాయి. ఇంగ్లండులో 1736 నుంచి చట్టం తిరగబడింది. మంత్రగత్తె అని కేసు పెట్టడం పోయి, మంత్రశక్తి ఉందని చెప్పుకొని మోసగించడమే నేరమైంది. మనవైపు మాత్రం రచ్చబండ దగ్గరే తీర్పు, అక్కడే శిక్ష. కాగితం మీద ఏమీ మిగలదు.

మనకు కాగితం మీద మిగిలినదంతా కథలు, సినిమాలు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు, 1951 నాటి పాతాళభైరవిలో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు ఎవరికి గుర్తులేరు? తరువాత యండమూరివారి తులసిదళం సీరియల్ చదివి రాత్రిపూట పెరట్లోకి పోవడానికి జంకినవారిలో మన గుమాస్తాలూ ఉన్నారు. సినిమా మాంత్రికుడికి గడ్డం, కపాలం, వికటాట్టహాసం ఉంటాయి. ఊళ్ళో చెట్టుకు కట్టేయించుకున్న ముసలమ్మకు అవేమీ ఉండవు.

1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు పల్లెల్లో నిమ్మకాయ కోసి రక్తం చూపించేవారు. కత్తికి ముందే మందారపువ్వు రసం పూసి ఆరబెడతారు. నిమ్మపులుసు తగలగానే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపినా ఎరుపే. మన ఆడవాళ్ళు పారాణి కలిపేటప్పుడు రోజూ చూసేదే!

నేను రెవెన్యూలో పనిచేసిన కాలంలో అర్జీలు చాలా చదివాను. చేతబడి చేస్తున్నదని ఒక మనిషిమీద వచ్చిన అర్జీని మొదటి పేరా చదివి పక్కన పెట్టకూడదు. చివరిదాకా చదివితే గట్టు తగాదానో, దొడ్డి స్థలమో, వితంతువు భాగమో ఎక్కడో ఒక మూల కనబడేది. సర్వే నంబరు కూడా ఉండేది.

బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, మహారాష్ట్ర 2013లో దీనికి ప్రత్యేక చట్టాలు చేశాయి. కేంద్రంలోని నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే పుస్తకంలో హత్యలకు కారణాల పట్టిక ఉంటుంది. ఆస్తి తగాదా, పాతకక్ష, ప్రేమ వ్యవహారం వంటి గడులతో పాటు మంత్రవిద్యకూ ఒక గడి ఉన్నది. 2022వ సంవత్సరానికి ఆ గడిలో 85 అని వేసి ఉంది.