యంత్రముతో చదరంగము

మనిషి నిర్మించిన యంత్రమును చదరంగములో మనిషే ఓడించగల ఉపాయము కలదా? ఒకప్పుడు ఉండేది. అది పుట్టిన తీరు, నశించిన తీరు రెండును తెలుసుకొనదగినవి.

1968లో స్కాట్లండు విజేత డేవిడ్ లెవీ, కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీతో పందెము వేసినాడు. పదేండ్లలోగా ఏ యంత్రమూ పోటీలో తనను జయించలేదని అతని ధీమా. గడువు ముగియనున్న 1978లో టొరంటో నగరమున ‘చెస్ 4.7’ అనే ప్రోగ్రాముతో తలపడి, 3½–1½ తేడాతో నెగ్గినాడు.

అతని పద్ధతి చిత్రమైనది. యంత్రము ప్రతి ఎత్తును, దాని జవాబును, ఆ జవాబుకు మరల జవాబును లెక్క కట్టును. అయితే ఒక్కొక్క మెట్టున సుమారు 30 దారులు చీలుచుండుటచేత, కొంత దూరము పోయి ఆగక తప్పదు. అంతకు ఆవల పొంచియున్న ముప్పు దానికి కనపడదు. అందువలన లెవీ దాడికి తొందరపడలేదు. బంట్లతో దారులు మూసి, యంత్రము దిక్కుతోచక తన బలగమును తానే చెదరగొట్టుకొనుదాకా ఓర్పుతో వేచినాడు. నాలుగవ ఆటలో మాత్రము ఈ నియమము విడిచి, యంత్రమునకు అలవాటైన ముఖాముఖి పోరుకు దిగినాడు. ఓడినది ఆ ఒక్క ఆటయే.

కాని యంత్రపు చూపు ఏటేటా పెరిగినది. 1989లో ‘డీప్ థాట్’ అదే లెవీని నాలుగు ఆటలలోను ఓడించినది. 1997లో న్యూయార్కున, సెకండుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించగల ‘డీప్ బ్లూ’ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3½–2½తో జయించినది. అప్పటికిని పాత ఉపాయము పూర్తిగా చావలేదు. 2003లో ‘ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్’తో మూడవ ఆట ఆడుచు కాస్పరోవ్ బంట్ల గొలుసుతో బల్లను మూసివేయగా, యంత్రము శకటులను ఊరక అటునిటు జరిపి ఓడినది. ఆ పోటీ 2–2తో సమమైనది. 2006లో బాన్ నగరమున మాత్రము ప్రపంచ విజేత క్రామ్నిక్ ‘డీప్ ఫ్రిట్జ్’ చేతిలో 4–2తో ఓడినాడు. అందు ఒక ఆటలో, మరు ఎత్తునే ఆటకట్టు కానున్నదని ఆయన గమనించలేదు. యంత్రమునకు అట్టి ఏమరుపాటు లేదు.

లెవీ నెగ్గినది యంత్రముకంటె ఎక్కువ లెక్క కట్టికాదు, దాని ఎల్ల ఎక్కడనో తెలిసికొని. ఆ ఎల్ల దూరమైనకొలది ఉపాయమును సన్నగిల్లినది. నేటి మేటి ప్రోగ్రాములను సమాన బలగముతో పోటీలో జయించగల మనిషి లేడు. దారులన్నియు మూసిన కొన్ని స్థితులలో గెలుపు తనదేనని యంత్రము పొరపడుట ఇప్పటికిని కలదు. కాని దానివలన మనిషికి దక్కునది సమముమాత్రమే.

అయినను చదరంగము ఆగిపోలేదు. నేటి క్రీడాకారులు ఆ యంత్రమునే గురువుగా నిలుపుకొని, మరొక మనిషిని గెలుచుటకు సాధన చేయుచున్నారు.