మంటల మధ్య వినబడాల్సిన గొంతు

న్యూయార్క్ అగ్నిమాపక శాఖలో విధి నిర్వహణలో ఎవరైనా ప్రాణం కోల్పోతే, ఆ కబురు ఇప్పటికీ నాలుగు అయిదులతోనే అన్ని స్టేషన్లకూ చేరుతుంది: 5-5-5-5. ఇది రేడియో పుట్టక ముందటి సంకేతం. తంతి తీగ మీద గంట అయిదుసార్లు మోగి, కాసేపు ఆగి, మళ్లీ అయిదుసార్లు మోగేది. అలా నాలుగు విడతలు. నేటి ఫైర్, అంబులెన్స్ రేడియో ఛానెళ్ల కథ ఆ తంతి తీగ దగ్గరే మొదలవుతుంది.

తంతి మీద నడిచే ఫైర్ అలారం 1852లో బోస్టన్‌లో వచ్చింది. విలియం చానింగ్ అనే వైద్యుడు, మోజెస్ ఫార్మర్ అనే ఇంజనీరు కలిసి దాన్ని తయారు చేశారు. వీధి మూలల్లో పెట్టెలు, ఒక్కో పెట్టెకు ఒక్కో నంబరు. పెట్టె నుంచి కబురు వెళ్తే ఆ నంబరు లెక్కన స్టేషన్‌లో గంటలు మోగేవి. మంట ఏ మూల ఉందో తెలిసేది, ఏం తగలబడుతోందో తెలిసేది కాదు. బండి స్టేషన్ గడప దాటిందంటే దాన్ని వెనక్కి పిలిచే దారే లేదు. ఇంకా బండ్లు కావాలంటే అధికారి వీధి పెట్టె తెరిచి అందులోని తంతి మీట కొట్టాలి. మంట ఒక చోట, మాట ఇంకో చోట ఉండేవన్నమాట.

బండిలోకి రేడియో తెచ్చింది ముందుగా పోలీసులు. 1928లో డెట్రాయిట్ పోలీసులు గస్తీ కార్లకు ఒకవైపు రేడియో పెట్టారు. కార్లోని వాళ్లు వినగలరు, బదులు చెప్పలేరు. చెప్పాలంటే దగ్గర్లోని ఫోను వెతుక్కోవాలి. 1933లో న్యూజెర్సీలోని బయోన్ పట్టణ పోలీసులతో ఇరువైపులా మాట్లాడే రేడియో వాడుకలోకి వచ్చింది. సెట్‌లో వినబడే ‘టెన్-ఫోర్’ లాంటి సంకేతాలు కూడా ఆ రోజులవే. ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసు కమ్యూనికేషన్ అధికారి చార్లెస్ హాపర్ 1937లో వాటిని రూపొందించాడు. అప్పటి సెట్లకు కరెంటు ఇచ్చే చిన్న మోటారు, బటన్ నొక్కాక వేగం అందుకోవడానికి కాస్త సమయం తీసుకునేది. ఈలోగా మొదటి మాట గాల్లో కలిసిపోయేది. అందుకే ముందు ‘టెన్’ అనడం, ఆ తరువాత అసలు నంబరు చెప్పడం. పోయినా నష్టం లేని మాటను ముందు నిలిపి, అసలు మాటను కాపాడుకున్నారు. ఆ మోటార్లు ఎప్పుడో పోయాయి, ‘టెన్’ మాత్రం మిగిలింది. న్యూయార్క్ ఫైర్ వాళ్లకు తమదైన జాబితా ఉంది. 10-75 అంటే అక్కడ నిజంగానే మంట అంటుకుందని అర్థం.

రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆ తరువాత ఎఫ్ఎం రేడియో ఫైరింజన్లలోకి, చిన్న సెట్లు మనుషుల చేతుల్లోకి చేరాయి. యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన చేతి సెట్‌కు మోటరోలా పెట్టిన ‘హ్యాండీ-టాకీ’ పేరునే న్యూయార్క్ ఫైర్ సిబ్బంది నేటికీ వాడుతున్నారు.

చేతికి సెట్ రావడంతో కొత్త చిక్కు వచ్చిపడింది. అందరికీ మాట్లాడే వీలుంది, మాట్లాడడానికి ఛానెల్ ఒక్కటే. ఒకరు బటన్ నొక్కితే మిగిలినవాళ్లు ఆగాలి. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా పోతుంది. దీనికి కట్టిన మూల్యం 1988 జులై 1న తెలిసింది. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో ఒక కార్ల షోరూమ్ పైకప్పు కూలి అయిదుగురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు పనిముట్ల గదిలో చిక్కుకుని సెట్‌లో సాయం కోసం పిలిచారు. బండ్లను పంపే మాటలకూ, మంట దగ్గరి మాటలకూ అక్కడ ఉన్నది ఒకటే ఛానెల్. ఆ రద్దీలో వాళ్ల పిలుపు అందాల్సిన చెవికి అందలేదు. అమెరికా అగ్నిమాపక శిక్షణలో ఈ ఘటనను ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

పెద్ద నగరాలు పాటించే పద్ధతి ఈ చిక్కును తప్పించడానికే: బండ్లను పంపే ఛానెల్ వేరు, మంట దగ్గరి ఛానెల్ వేరు. న్యూయార్క్‌లో డిస్పాచ్ ఛానెళ్లు బరోల (నగర విభాగాల) వారీగా ఉంటాయి. మాన్‌హట్టన్ కంట్రోల్ రూమ్ మాట్లాడేది బ్రూక్లిన్ బండికి అక్కర్లేదు. మంట దగ్గర చేతి సెట్లు టవర్‌తో పనిలేకుండా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడతాయి. టవర్ పడిపోయినా, లింకు తెగినా పక్క గదిలోని తోటివాడికి మాట చేరాలన్నది దీని ఉద్దేశం. చీఫ్‌లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఇంకో కమాండ్ ఛానెల్ ఉంటుంది. ఇవన్నీ కలిసేది చీఫ్ దగ్గరే. ఆయనా, ఆయన సహాయకుడూ ఒక చెవితో లోపలివాళ్లను, మరో చెవితో కంట్రోల్ రూమ్‌ను వింటూ ఉండాలి. నా దృష్టిలో ఈ ఏర్పాటంతటికీ ఆయువుపట్టు ఆ మనిషే. ఛానెల్ పెంచడం తేలిక. పెంచిన ప్రతి ఛానెల్ దగ్గరా వినే మనిషిని కూర్చోబెట్టడమే కష్టం.

అంబులెన్స్ కథ మరో దారిలో నడిచింది. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రమాద మరణాల మీద ఒక నివేదిక ఇచ్చింది. అంతరిక్షంలోని వ్యోమగామితో మాట్లాడగలుగుతున్నాం గానీ, ఆసుపత్రికి వస్తున్న అంబులెన్సుతో మాట్లాడడం చాలా అరుదు అని అందులో ఎత్తిచూపారు. చాలా ఊళ్లలో అప్పట్లో అంబులెన్సులు నడిపింది అంత్యక్రియల సంస్థలే. ఆ దశాబ్దం చివరికి మయామిలో యూజీన్ నేగల్ అనే వైద్యుడు, వీధిలో పడి ఉన్న రోగి ఈసీజీని ఫైర్ సిబ్బంది రేడియో ద్వారా ఆసుపత్రికి పంపే పద్ధతి తెచ్చాడు. 1974లో అమెరికా సమాచార కమిషన్ అత్యవసర వైద్యానికి పది ఛానెళ్లు విడిగా కేటాయించింది. ఎనిమిది డాక్టర్‌తో మాట్లాడడానికి, ఈసీజీ పంపడానికి, రెండు బండ్లను పంపడానికి. ఫైర్ సెట్ పక్క గదిని చేరితే చాలు. అంబులెన్స్ సెట్ ఊరంతా దాటి ఆసుపత్రి గోడ లోపలికి చేరాలి. అందుకే అది ఎత్తయిన చోట ఉండి, అందుకున్న మాటను బలపరిచి మళ్లీ పంపే రిపీటర్ల మీద ఆధారపడుతుంది. 1996లో న్యూయార్క్ అంబులెన్స్ సేవను అగ్నిమాపక శాఖలో కలిపేశారు. శాఖ ఒకటైనా ఛానెళ్లు విడిగానే ఉన్నాయి.

ఇక 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్ల మీద జరిగిన దాడి. దీని గురించి ‘రేడియోలు పనిచేయలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం వాడుక. జరిగింది అంత సులువు కాదు. 1993లో అదే వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలినప్పుడు చేతి సెట్లు పై అంతస్తులకు అందలేదు. ఆ అనుభవంతో పక్క భవనంలో రిపీటర్ పెట్టారు. దాన్ని పూర్తిగా వాడుకోవాలంటే రెండు బటన్లు నొక్కాలి. ఆ ఉదయం ఒకటి నొక్కారు, లాబీలో చీఫ్ చేతికి వచ్చే మాస్టర్ హ్యాండ్‌సెట్‌ను కలిపే రెండోది నొక్కలేదు. పరీక్షించిన చీఫ్‌లు రిపీటర్ చెడిపోయిందనుకుని ఉత్తర టవర్‌లో వేరే ఛానెల్‌కు మారారు. దక్షిణ టవర్‌లో అదే రిపీటర్ ఛానెల్ 7 పనిచేసింది. దాని మీదే మాట్లాడుతూ బెటాలియన్ చీఫ్ ఒరియో పామర్ 78వ అంతస్తు దాకా ఎక్కాడు. ఉదయం 9:59కి ఆ టవర్ కూలింది. ఉత్తర టవర్‌లో ఖాళీ చేయమన్న ఆదేశం కొందరికి అందలేదు. ఛానెల్ కిక్కిరిసి ఉంది. కొందరు వేరే ఛానెల్‌లో ఉన్నారు. డ్యూటీ లేకపోయినా పరుగెత్తుకొచ్చిన కొందరి దగ్గర సెట్టే లేదు. హెలికాప్టర్ల నుంచి పోలీసులు ఇచ్చిన హెచ్చరిక ఫైర్ సెట్లలో వినబడే వీలే లేదు. 343 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. విచారణ కమిషన్ రేడియో వైఫల్యాన్ని ఒక కారణంగా ఒప్పుకుంది, కానీ ఉత్తర టవర్ మరణాలకు అదే ప్రధాన కారణం కాదంది. నాకూ అదే న్యాయంగా తోస్తుంది. తరంగం అందిన చోట కూడా, ఎవరు ఏ ఛానెల్ వినాలన్నది తేలలేదు.

ఆ తరువాత న్యూయార్క్ శాఖ పెట్టెలాంటి బలమైన ‘పోస్ట్ రేడియో’ను తయారు చేసుకుంది. భవనంలోకి మోసుకెళ్లి, పై అంతస్తుల్లోని వాళ్లతో చీఫ్ దాని మీద మాట్లాడతాడు. అందరూ అనుకున్నట్టు డిజిటల్ రేడియో సమస్యను తీర్చేయలేదు. 2001 మొదట్లో కొత్త డిజిటల్ సెట్లు ఇచ్చిన ఇదే శాఖ, ఒక పిలుపు వినబడలేదని వారాల్లోనే వాటిని వెనక్కి తీసుకుంది. 2008లో అంతర్జాతీయ ఫైర్ చీఫ్‌ల సంఘం ఇంకో లోపాన్ని బయటపెట్టింది. రంపం రొద, గాలి సిలిండర్ అలారం మోత పక్కన ఉంటే డిజిటల్ సెట్ మనిషి మాటను నలిపేస్తోంది. పాత అనలాగ్ సెట్‌లో గరగరల మధ్య మాట కొంతైనా అందుతుంది. అందుకే చాలా శాఖలు డిస్పాచ్‌కు డిజిటల్ వాడినా మంట దగ్గర అనలాగ్‌ను వదల్లేదు. ఇది వెనకబాటుతనం కాదు, లోపలికి వెళ్లే మనిషి ప్రాణానికి ఇచ్చిన విలువ.

కాంక్రీటు, ఉక్కు, వేడిని ఆపే అద్దాలు రేడియో తరంగాన్ని మింగేస్తాయి. అందుకే 2009 అంతర్జాతీయ ఫైర్ కోడ్ ఒక నియమం పెట్టింది: కొత్త భవనంలో లోపల కూడా అత్యవసర సిబ్బంది సెట్లు పనిచేయాలి, చేయకపోతే యజమానే ఆ ఏర్పాటు చేయాలి. ఇప్పుడు హైదరాబాద్ కోకాపేటలో, నానక్‌రామ్‌గూడలో నలభై, యాభై అంతస్తులు లేస్తున్నాయి. అలాంటి చోట ఫ్లాటు కొనేవాళ్లు క్లబ్‌హౌస్, ఈత కొలను గురించి అడిగే ముందు బిల్డర్‌ను ఈ ఒక్క మాట అడగండి: మూడో సెల్లార్‌లో, మెట్ల దారిలో, ముప్పయ్యో అంతస్తు వరండాలో ఫైర్ సిబ్బంది సెట్ పలుకుతుందా? ఎవరు, ఎప్పుడు పరీక్షించారు? జవాబు కాగితం మీద తీసుకోండి.