పాటను కట్టేసిన ముసలమ్మ

మొగవాళ్ళు గుట్టుగా దాచుకునే సంగతులు ఆడవాళ్ళకి తెలియకుండా ఉంటాయా? తెలిసినా తెలియనట్టు ఊరుకోవడం ఒక కళ. ఆ కళ బాగా ఎరిగినవాళ్ళు మధ్య ఆఫ్రికాలో, ఇటూరి అడవిలోని ఎంబూటీ ఆడవాళ్ళు. లోకం పిగ్మీలని పేరుపెట్టిన పొట్టివాళ్ళలో ఒక తెగ వాళ్ళది. వేట, అడవిలో దొరికే కాయా దుంపా వాళ్ళకి ఆధారం.

1950లలో, కాంగో ఇంకా బెల్జియం ఏలుబడిలో ఉండగా, కోలిన్ టర్న్‌బుల్ అనే పరిశోధకుడు వాళ్ళ మధ్య ఉండి, చూసిందంతా 1961లో ‘ది ఫారెస్ట్ పీపుల్’ అనే పుస్తకంగా తెచ్చాడు. అందులో ‘మొలిమో’ ముచ్చట ఉంది. ఎవరైనా పెద్దవాళ్ళు పోయారంటే అడవి నిద్రపోయిందన్నమాట. పాడి మేలుకొలపాలి. రాత్రిళ్ళు మొగవాళ్ళు నెగడు చుట్టూ చేరి పాడుతుంటే, చీకట్లోంచి పొడుగాటి బూర ఒకటి ఏనుగులా, చిరుతలా అరుస్తుంది. అదేదో భయంకరమైన జంతువని చెప్పి ఆడవాళ్ళనీ పిల్లల్నీ గుడిసెల్లోకి పంపేస్తారు. తీరా టర్న్‌బుల్ చూసిన ఆ ‘జంతువు’ రోడ్డు పనుల దగ్గర్నుంచి పట్టుకొచ్చిన ఇనుపగొట్టం! ఇదేమిటయ్యా అంటే, బాగా పాడుతుంది, కుళ్ళిపోదు, అంతకంటె ఏం కావాలన్నారట.

ఒక పెద్దావిడ పోయినప్పటి మొలిమోలో మాత్రం ఆడవాళ్ళు బయటికొచ్చారు. తమకి తెలియకూడని ఆ పాటలే హాయిగా అందుకున్నారు! వాళ్ళలో ఒక ముసలావిడ నాట్యమాడుతూ నెగడులోకి దిగి నిప్పుల్ని కాళ్ళతో చెదరగొట్టింది. మొగవాళ్ళు పరుగున వచ్చి, వాటిని పోగుచేసి, తమ నాట్యంతో మళ్ళీ మంట లేపారు. మరో ఘట్టంలో ఆవిడే నారతాడు తెచ్చి, పాడుతున్నవాళ్ళ మెడలకి వరసగా ముడివేసింది. ముడి పడ్డవాడు పడ్డట్టే నోరు మూశాడు. పాట ఆగింది. తమతోపాటు వేటా పాటా కూడా ఆవిడ చేతికి చిక్కాయని మొగవాళ్ళు ఒప్పుకుని, తిండీ సిగరెట్లూ సమర్పించుకుంటేగాని విడుదల కాలేదు.

ఇదంతా ఉత్త వినోదం అనుకోకండి. అక్కడ వేటలో వల పట్టేది మొగవాళ్ళయితే, జంతువుల్ని అదిలించి వలలోకి తోలేది ఆడవాళ్ళు. గుడిసె కట్టేదీ వాళ్ళే. ఒకరు లేందే ఇంకొకరికి పూట గడవదు. రోజూ తెలిసిన ఈ నిజాన్ని చావు వచ్చిన రోజుల్లో మరిచిపోకుండా, నిప్పూ తాడూ సాక్షిగా ఆడి చూపించుకుంటారు.

మొలిమో మొదట్లో ఆడవాళ్ళదేననీ, మొగవాళ్ళు దొంగిలించారనీ వాళ్ళలో ఒక కథ కూడా ఉంది. అందుకేనేమో, అసలు యజమానురాలు ఎదుటికి వస్తే ఆ కాస్త అద్దె చెల్లించుకుంటున్నారు!