సిరల చుట్టూ నూట యాభై ఏళ్ల అన్వేషణ

మెదడులోను, వెన్నుపాములోను నాడీతంతువులను కప్పి ఉంచే మయలిన్ అనే కొవ్వు తొడుగును శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే పరాయి పదార్థంగా భ్రమించి దెబ్బతీయడం వల్ల చూపు మసకబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడడం, విపరీతమైన అలసట వంటి బాధలు కలిగించే వ్యాధిని మల్టిపుల్ స్క్లీరోసిస్ అంటారు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వయసువారిలో, అందులోనూ స్త్రీలలో ఎక్కువగా కనిపించే ఈ వ్యాధికి 1868లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి వైద్యుడు జాఁ మార్టిన్ షార్కో సమగ్రమైన వర్ణన ఇచ్చాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1863లో, రిండ్‌ఫ్లైష్ అనే జర్మన్ శాస్త్రవేత్త మరణించిన రోగుల మెదళ్లను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వ్యాధి మచ్చల నడుమ రక్తంతో ఉబ్బిన ఒక చిన్న రక్తనాళం ఉండడం గమనించాడు. సిరలకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని వెతికే సుదీర్ఘ ప్రయత్నానికి మూలం ఆ పరిశీలనే.

1930లలో అమెరికా నాడీవైద్యుడు ట్రేసీ పుట్నం కుక్కల మెదడు సిరలను అడ్డగించి, మయలిన్ దెబ్బతిన్న మచ్చలను పోలిన గాయాలు ఏర్పడడం చూసి, తర్వాత రక్తం గడ్డకట్టకుండా చేసే మందులను రోగులకు ఇచ్చి చూశాడు గాని, ఆ మార్గం నిలవలేదు. మూర్ఛవ్యాధికి నేటికీ వాడుతున్న ఫెనిటోయిన్ మందును 1938లో వెలుగులోకి తెచ్చిన ఇద్దరిలో ఆయన ఒకరు కనుక, ఈ ఊహను అల్పజ్ఞుల ఆలోచనగా కొట్టివేయడానికి వీల్లేదు.

ఇటలీలోని ఫెరారా విశ్వవిద్యాలయంలో రక్తనాళాల శస్త్రవైద్యుడైన పావొలో జంబోని తన భార్యకు ఈ వ్యాధి రావడంతో మళ్లీ ఆ పాత ప్రశ్న దగ్గరకు వచ్చాడు. మెదడు నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే మెడలోని జుగులర్ సిరలు, వెన్నెముక పక్కగా సాగే అజైగస్ సిర ఇరుకై, రక్తం వెనక్కు తన్నడం వల్ల నాడీకణజాలంలో ఇనుము పేరుకుని వాపు మొదలవుతుందని ఆయన ప్రతిపాదించి, ఆ స్థితికి సీసీఎస్‌వీఐ అని, అంటే మెదడు, వెన్నుపాము సిరల దీర్ఘకాలిక వైఫల్యం అని, పేరు పెట్టాడు. 2009లో వెలువడిన ఆయన పత్రం ప్రకారం 65 మంది రోగులందరిలోనూ డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్షలో ఈ లోపం కనిపించగా, పోల్చి చూసిన 235 మందిలో ఒక్కరిలోనూ కనిపించలేదు. వైద్యపరిశోధనలో ఇంత సంపూర్ణమైన ఫలితం అరుదుగా వస్తుంది కనుక, అది ఆనందించవలసిన విషయమే కాక, జాగ్రత్తగా తిరిగి పరీక్షించవలసిన విషయం కూడా. ఇరుకైన సిరలోకి బుడగను పంపి వెడల్పు చేసే యాంజియోప్లాస్టీని ఆయన ఆ 65 మందికీ చేసి, మేలు కనిపించిందని అదే ఏడాది ప్రకటించాడు. అయితే ఆ ప్రయోగంలో చికిత్స పొందని మరో జట్టు లేదు.

2009 నవంబరులో కెనడా టెలివిజన్‌లో దీనిపై కార్యక్రమం ప్రసారమయ్యాక, స్వదేశంలో ఆ చికిత్స దొరకని రోగులు పోలండ్, కోస్టారికా, భారత్ వంటి దేశాలకు వేల డాలర్లు ఖర్చు పెట్టుకుని ప్రయాణమయ్యారు. వారిని అమాయకులనడం అన్యాయం, ఎందుకంటే నెమ్మదిగా నడకను కోల్పోతున్న మనిషి సులభమైన చికిత్సలో ఆశ చూడడం సహజం. కొందరికి సిరలు చిట్లడం, రక్తం గడ్డకట్టడం, సిరను తెరిచి ఉంచేందుకు అమర్చిన స్టెంట్ గొట్టం గుండె వైపు జారిపోవడం వంటి ప్రమాదాలు సంభవించగా, 2012 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

ఈలోగా సాక్ష్యం మారుతూ వచ్చింది. అమెరికాలోని బఫెలో పరిశోధకులు రోగుల్లో 56 శాతం మందిలోనూ, ఆరోగ్యవంతుల్లో దాదాపు 23 శాతం మందిలోనూ ఈ లోపాన్ని చూడగా, కెనడా పరిశోధకులు 2013లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, సిరలోకి రంగుద్రవం పంపి ఎక్స్‌రే తీసే పరీక్షతో సగానికి మించిన ఇరుకు రోగుల్లో 74, వారి తోబుట్టువుల్లో 66, సంబంధం లేనివారిలో 70 శాతం మందికి ఉందని తేలింది. సిరలు మనిషికీ మనిషికీ సహజంగానే వేరుగా ఉంటాయన్నది దీనితో స్పష్టమైంది. చివరికి జంబోని తానే సారథ్యం వహించి, 115 మందిలో 76 మందికి నిజమైన చికిత్స, 39 మందికి పేరుకు మాత్రమే చికిత్స చేసి, ఎవరికి ఏది జరిగిందో తెలియకుండా పరీక్షించి, ప్రయోజనం లేదని 2017లో ప్రకటించాడు. కెనడాలో 104 మందిపై జరిగిన ప్రయోగమూ అదే చెప్పింది. తన సిద్ధాంతాన్ని తానే కఠిన పరీక్షకు నిలిపి, ప్రతికూల ఫలితాన్ని బహిరంగపరచిన ఆ వైద్యుడి నిజాయితీకి గౌరవం దక్కాలి.

ఈ వ్యాధి చాలామందిలో కొన్నాళ్లు ముదిరి, మరికొన్నాళ్లు దానంతట అదే తగ్గుతుంది కనుక, తగ్గే దశలో ఏ చికిత్స చేసినా అది ఫలించినట్టే అనిపిస్తుంది. పోల్చడానికి వేరే జట్టు తప్పనిసరి కావడానికి కారణం అదే. ఇక రిండ్‌ఫ్లైష్ చూసిన రక్తనాళం మాత్రం అబద్ధం కాదు. రోగనిరోధక కణాలు చిన్న సిరల గోడలు దాటి మెదడులో ప్రవేశిస్తాయి కనుక మచ్చ సిర చుట్టూ ఏర్పడుతుంది. ఎంఆర్‌ఐలో మచ్చ నడుమ సిర కనబడడాన్ని నేడు వ్యాధినిర్ధారణకు ఒక ఆధారంగా వాడుతున్నారు. వ్యాధి మూలం కోసం సాగిన వెతుకులాట వైరస్‌ల వైపూ మళ్లి, కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులను పరిశీలించిన 2022 నాటి అధ్యయనంలో, ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకిన తర్వాత ఈ వ్యాధి ముప్పు 32 రెట్లు పెరుగుతుందని తేలింది.

ఇక మన చుట్టూ చూస్తే, రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని జన్వాడ గాని, పొరుగున ఉన్న మొయినాబాద్, చేవెళ్ల గాని హైదరాబాద్ నగరపు అంచునే ఉన్నా, ఒక కన్ను హఠాత్తుగా మసకబారినా, కాళ్లు రోజుల తరబడి మొద్దుబారినా బలహీనతగా భావించి కాలం గడిపే కుటుంబాలు అక్కడా ఉంటాయి. వ్యాధి గతిని మార్చే మందులు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు కనుక, అలాంటి లక్షణాలు కనిపించినవారు పంజగుట్టలోని నిమ్స్ వంటి నాడీవైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి ఆలస్యం లేకుండా వెళ్లాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉంది కనుక, అర్హులైనవారు ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలి.