చేతకానితనం కాదు



"గ్లాసు తిన్నగా పట్టుకోవడం రాదు, నీకు చదువెలా అబ్బుతుందే?" ఈ మాట మన ఇళ్ళల్లో కొత్తది కాదు. బొత్తాలు పెట్టుకోవడానికి అరగంట, రాత చూస్తే కోడి గెలికినట్టు, నడిస్తే గుమ్మానికి కొట్టుకోవడం. అటువంటి పిల్లను మొద్దు అనేస్తాం. డాక్టర్లు దీన్నే డిస్‌ప్రాక్సియా అంటారు. తెలివికి లోటుండదు. చెయ్యాల్సిన పనికి తగ్గట్టు కాలూ చెయ్యీ కదిలించడంలోనే చిక్కంతా. నూటికి అయిదారుగురు పిల్లల్లో ఇది ఉంటుందని అంచనా.

1937లో అమెరికా డాక్టరు శామ్యూల్ ఆర్టన్ దీన్ని గురించి తన పుస్తకంలో రాశారు. 1962లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇటువంటి పిల్లలపై సంపాదకీయం వేసింది. చూడండి, వైద్యులు కూడా అప్పట్లో వీళ్ళను "మొరటు పిల్లలు" అనే అన్నారు! 1987లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో దీనికి ఒక గౌరవమైన పేరు దక్కింది. అదే ఏడాది ఇంగ్లండులో ఇద్దరు తల్లులు ఆస్పత్రిలో కలుసుకుని, ఒకరి బాధ ఒకరు చెప్పుకుని, ఈ పిల్లల కోసం ఒక సంస్థ పెట్టారు. అది 2024లో మూతపడినా, ఎన్నో కుటుంబాలకు దారి చూపించింది.

పెద్దయితే అదే పోతుందిలే అని ఒకప్పుడు అనుకునేవారు. చాలామందికి పోదని తర్వాత తేలింది. అందుకే కాలేజీ చదువు మాట వచ్చింది. బ్రిటన్‌లో 2001 చట్టంతో యూనివర్సిటీలు కూడా ఇటువంటి విద్యార్థులకు తగిన ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది.

మన దేశంలో 1995 చట్టంలో ఈ ఊసే లేదు. 2016 చట్టంలో మాత్రం డిస్‌ప్రాక్సియా పేరు పెట్టి మరీ చేర్చారు. సర్టిఫికెట్టు ఉండి అర్హులైనవారికి పరీక్ష రాసిపెట్టే మనిషి సాయం, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 నిబంధనలు చెప్పాయి.

ఇక మనం ఇంట్లో చెప్పగలిగినవి. వింటూ రాయలేని పిల్ల లెక్చరరు అనుమతితో పాఠం రికార్డు చేసుకోవచ్చు, నోట్సు టైపు చేసుకోవచ్చు. టైంటేబులు రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించాలి. తాళంచెవి, హాల్‌టిక్కెట్టు ఎప్పుడూ సంచిలో ఒకే అరలో ఉండాలి. పెద్ద వ్యాసాన్ని ముక్కలు చేసి ఒక్కోదానికీ ఒక్కో తేదీ పెట్టుకోవాలి. పరీక్ష హాలుకు ముందురోజే ఒకసారి వెళ్ళి దారి చూసి రావాలి. లాబులో గాజు సామాను పని స్నేహితురాలికిచ్చి, లెక్కలూ రాతకోతలూ తను చూసుకోవచ్చు.

ఆడపిల్ల విషయంలో మనకు ఇంకో తొందర కూడా ఉంటుంది కదూ? పని రాదు, చదువూ నడవడం లేదు, పెళ్ళి చేసేద్దాం అనుకుంటాం. ఆ నిర్ణయానికి ముందు ఒక్కసారి డాక్టరుకు చూపించండి. పళ్ళెం జారిపోయినంత మాత్రాన పట్టా కూడా చేజారిపోవాలని ఎక్కడా లేదు.