సీసా మెడకు కట్టిన తాడు

ఎండాకాలంలో ఇడ్లీ పిండి గిన్నె నిండా పోసి పడుకుంటే తెల్లారేసరికి ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. మూత లేచిపోయి గట్టంతా పిండే! మరి ఆ మూతని లేవకుండా బిగించేసి ఉంటే? నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లాండు ఇల్లాళ్లకి వచ్చిన చిక్కు అచ్చం అలాంటిదే.

బీరు అనగానే మొహం చిట్లించకండి. ఆ రోజుల్లో అక్కడ బార్లీ మొలకలతో ఏల్ కాచడం ఇల్లాలి పనుల్లో ఒకటి. పల్చటి ఏల్ పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ తాగేవారు. దాన్ని సీసాల్లో పోసి బిరడా బిగించాకే అసలు తంటా. సెయింట్ పాల్స్ చర్చి డీన్ అలెగ్జాండర్ నోవెల్ చేపలు పట్టడానికి వెళ్లి ఏల్ సీసాని గడ్డిలో మర్చిపోయాడట. కొన్నాళ్లకి వెళ్లి బిరడా తీస్తే తుపాకీలా పేలిందని థామస్ ఫుల్లర్ 1662లో అచ్చైన పుస్తకంలో రాశాడు. వినడానికి నవ్వొస్తుంది కానీ, పిల్లలు తిరిగే ఇంట్లో గాజు పెంకులు ఎగిరితే నవ్వగలమా?

1615లో గెర్వేజ్ మార్ఖమ్ ‘ది ఇంగ్లిష్ హౌస్‌వైఫ్’ అని ఇల్లాళ్ల కోసం ఒక పుస్తకం వేశాడు. సీసాల్ని చల్లటి నేలమాళిగలో, నడుము దాకా ఇసుకలో నిలబెట్టి, బిరడాలు గట్టి తాడుతో కట్టమన్నాడు. చల్లగా ఉంటే పులుపు నెమ్మదిస్తుంది. ఎందుకన్నది మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ ఎందుకన్నది తేల్చినవాడు లూయీ పాశ్చర్. 1876లో బీరు మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరని తిని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. పులవడం పూర్తికాకుండా సీసాలో పోస్తే, మిగిలిన చక్కెరంతా లోపలే వాయువుగా మారి గాజుని చీలుస్తుంది. ద్రవంలో చక్కెర ఎంతుందో కొలిచే సాధనం గురించి జాన్ రిచర్డ్‌సన్ 1784లోనే రాశాడు. కానీ అప్పటికే ఆ పని వంటింట్లోంచి పెద్ద బ్రూవరీలకి, ఆడవాళ్ల చేతుల్లోంచి మగవాళ్ల చేతుల్లోకి జారిపోతోంది. కొలత వచ్చేసరికి కొలవాల్సిన చేతులు అక్కడ లేవు. 1880 నుంచి ఇంట్లో కాచుకోవడానికి లైసెన్సు కూడా కావాల్సి వచ్చింది. 1963లో దాన్ని ఎత్తేశాకే ఆ పని మళ్లీ ఇళ్లకి చేరింది.

ఇప్పుడు ఇంట్లో కాచేవాళ్లు హైడ్రోమీటర్ ముంచి చూస్తారు. వరసగా రెండు మూడు రోజులు అంకె కదలకపోతేనే సీసాల్లో పోస్తారు. నురగ కోసం లీటరుకి సుమారు 6 గ్రాముల చక్కెర, అదీ తూకం వేసి, నీళ్లలో కరిగించి, మొత్తం ద్రవంలో సమంగా కలుపుతారు. సీసాకో చెంచా చొప్పున కంటి అంచనాతో వేస్తే ఒకటి చప్పగా, ఇంకోటి బాంబులా తయారవుతుంది. ఒత్తిడికి తట్టుకునే మందపాటి సీసాలే వాడతారు.

ఇంతా చేసి అసలు సూత్రం పాతదే. పులిసేదానికి దాని సమయం దానికివ్వాలి. తొందరపడి మూత బిగిస్తే ఇసుకైనా తాడైనా ఎంతసేపు ఆపుతాయి చెప్పండి?