కాపాడాల్సిన చోటే ప్రాణం పోతే

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో మెర్సీ ఆస్పత్రి ఉంది, 2020లో మొదలైన మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ ఉంది. అయినా మనసు జబ్బు అనగానే ఈ ఊళ్లో నోటికొచ్చే పేరు రాంచీ పక్కనున్న కాంకే. అక్కడ 1918లో తెల్లవాళ్లకొకటి, 1925లో భారతీయులకొకటి పిచ్చాసుపత్రులు వెలిశాయి. రెండోదాని దుస్థితిపై రాకేష్ చంద్ర నారాయణ్ కేసులో 1986లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. రోగుల వైద్యం ప్రభుత్వ బాధ్యతేనని అప్పటి బిహార్ సర్కారుకు గుర్తుచేసింది.

మరి చికిత్సలో ఉన్న రోగే ప్రాణం తీసుకుంటే?

చట్టం చాలాకాలం రోగినే దోషిగా చూసింది. 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నానికి ఏడాది వరకూ జైలు ఉండేది. 2018 మేలో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని తిరగేసింది: అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, చికిత్స అందించే పూచీ ప్రభుత్వానిది.

డాక్టర్ తప్పును తేల్చే కొలబద్ద కూడా మానసిక వైద్యశాలలోనే పుట్టింది. లండన్ ఫ్రియర్న్ ఆస్పత్రిలో కరెంటు చికిత్సప్పుడు బోలం అనే రోగి ఎముకలు విరిగాయి. సాటి వైద్యుల్లో బాధ్యతగల వర్గం ఒప్పుకునే పద్ధతి పాటిస్తే నిర్లక్ష్యం కాదని 1957లో అక్కడి కోర్టు సూత్రం చెప్పింది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో మన సుప్రీంకోర్టూ దాన్నే సమర్థించింది. కాబట్టి మరణం ఒక్కటే రుజువు కాదు. ముప్పు కనిపిస్తున్నా పట్టించుకోలేదని చూపాలి.

ఈ బాధ్యత ఆస్పత్రి గోడలూ దాటింది. విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. తండ్రి పోరాటంతో 2025 జులై 25న సుప్రీంకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని, సకాలంలో స్పందించక విద్యార్థి ప్రాణం తీసుకుంటే సంస్థదే బాధ్యతని మార్గదర్శకాలిచ్చింది.

డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆస్పత్రిపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారిని 1995 నాటి వి.పి.శాంత తీర్పు ఖాయం చేసింది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు దవాఖానా దీని కిందికి రాదు. కమిషన్ ముందు బలమైన సాక్ష్యం కేస్ షీటే: రోగి చావు మాట ఎత్తినట్టు రాశారా, నిఘా ఎంతసేపటికోసారి పెట్టారు, డిశ్చార్జి రోజు ఇంటివాళ్లకేం చెప్పారు. 2002 వైద్యవృత్తి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. కమిషన్‌కు ఫిర్యాదు చేసే గడువు రెండేళ్లు.

(మనసు బాగోలేకపోతే టెలి-మానస్ ఉచిత నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు.)